పేరు ఖాళీగా ఉండకూడదు

మా ఊళ్లో హుసేనమ్మలకు కొదవ లేదు. సాయిబుల ఇళ్లలో మాత్రం ఒక్కతీ లేదు. సాయిబుల ఇళ్లంటూ ఉన్నవే రెండు, ఆ రెండిళ్ల ఆడపిల్లలకూ టీవీలో చూసి పెట్టుకున్న నాజూకు పేర్లున్నాయి. హుసేనమ్మ, పీరమ్మ, ఫకీరప్ప, దస్తగిరి లాంటి పాతకాలపు పేర్లన్నీ మా బోయ ఇళ్లకూ, కురబ ఇళ్లకూ మిగిలాయి.

ఆలూరు దాటి ఎండలోకి పోతే వచ్చే ఊరు మాది. నాకంటే ముందు మా అమ్మ రామేశ్వరమ్మకు ఇద్దరు పుట్టి పురిట్లోనే పోయారు. మూడోసారి కడుపు పండినప్పుడు అమ్మ పీర్ల సావిడి ముందు కొంగు పరిచి, ఈ బిడ్డను నిలబెడితే నీ పేరే పెట్టుకుంటాను, ఏటేటా నీకు ఫకీరును చేస్తాను అని ఉసేనయ్యకు మొక్కుకుంది. నేను నిలబడ్డాను. మామూలుగా కాదు, బడిలో బెంచీ ఎక్కి నిలబడేంత అల్లరిగా నిలబడ్డాను.

అందుకే ఏటా పీర్ల పండగ వస్తే నా మెడలో ఫకీరు దారం పడేది. పండగ పది రోజులూ చెప్పులు వేసుకోకూడదు, నీచు ముట్టకూడదు, ఐదిళ్లకు పోయి బెల్లం అడుక్కుని తెచ్చి సావిడిలో పెట్టాలి. సావిడిలో పెద్ద పీరును ఎత్తేది మా నాయన బొజ్జన్న. పట్టుగుడ్డలు చుట్టిన ఆ ఇత్తడి హస్తాన్ని గుండెకు ఆనించుకుని నిలబడగానే నాయనకు పూనకం వచ్చేది. అప్పుడాయన నోట వచ్చేది ఉసేనయ్య మాట. శివరాత్రికి ఒక్కపొద్దు ఉంటాం, పీర్ల పండక్కి ఫకీర్లమవుతాం, క్రిస్మస్‌కు నా నేస్తం స్తుతి వాళ్లింట్లో కేకు తింటాం. మాకు దేవుళ్లతో తగాదా ఎప్పుడూ లేదు. ఎవరు పలికితే వాళ్ల దగ్గరికి పోయేవాళ్లం.

నేను పదో తరగతిలోకి వచ్చిన ఏడాది, బడి తెరిచిన కొద్దిరోజులకే అహోబిలం ప్రయాణం వచ్చిపడింది. వ్యాపారం కలిసొచ్చిన ఊరి పెద్దమనిషి ఒకాయన మొక్కు తీర్చుకోవడానికి మా క్లాసు మొత్తానికి బస్సు పెట్టించాడు. సోషల్ చెప్పే హెన్రీ సార్ మమ్మల్ని వెంటబెట్టుకుని పోయాడు. ఆయన రాజంపేట నుంచి బదిలీ మీద వచ్చినవాడు, ఆదివారం ఆదివారం మా ఊరి చర్చిలో ముందు వరసలో కూర్చునేవాడు. స్తుతి కూడా వచ్చింది. కొండలు చూసి రా, గుడి బయటే కూర్చో అని వాళ్లమ్మ సంతోషమ్మ చెప్పి పంపిందట. స్తుతి మాత్రం మా అందరికంటే ముందు పోయి నరసింహస్వామి ఎదుట నిలబడింది. తెలుగు పుస్తకంలోని పద్యాలన్నీ దానికి కంఠతా వచ్చు. పద్యంలో చదివిన సామిని కళ్లతో చూడాలని దాని ఆశ.

వచ్చేటప్పుడు, పొద్దు వాలుతుండగా, రోడ్డు పక్క హోటలు ముందు బస్సు ఆగింది. ఉగ్గాని, బజ్జి తిని చేతులు కడుక్కున్నాం. హెన్రీ సార్ బస్సు తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరి పేరే పిలుస్తూ ఎక్కించడం మొదలుపెట్టాడు.

"హనుమేష్."

"ఉన్నా సార్."

"హుసేనమ్మ."

"ఉన్నా సార్!"

నా గొంతు మొదటినుంచీ మైకు గొంతు. అక్కడ రెండు జీపుల్లో వచ్చిన కుర్రవాళ్లు టీ తాగుతున్నారు. వాళ్లూ ఏదో గుడికి పోయి వస్తున్నట్టే ఉన్నారు. వాళ్లలో ఒకతను గ్లాసు బల్ల మీద పెట్టి మా దగ్గరికి వచ్చాడు. నా నుదుటి మీద గుళ్లో పెట్టిన నామం ఉంది, చేతిలో ప్రసాదం పొట్లం ఉంది. రెండింటినీ చూశాడు.

"ఏం పేరు పాపా నీది?"

చెప్పాను. అతను సార్ వైపు తిరిగాడు.

"సాయిబుల పిల్లకు నామం పెట్టించి గుళ్లోకి తీసుకపోయినారా సార్?"

"కాదప్పా, ఆ పిల్ల సాయిబుల పిల్ల కాదు..."

"మీ పేరేంది సార్?"

"నేను వాళ్ల టీచర్ని."

"పేరు అడిగితిమి."

హెన్రీ సార్ గొంతు సవరించుకున్నాడు. క్లాసులో ఎంత గట్టిగా మాట్లాడే మనిషి! "హెన్రీ" అన్న మాట ఆయన నోట సగమే వచ్చింది.

వెనకనున్న వాళ్లలో ఒకడు నవ్వాడు. ఇంకొకడు ఫోను పైకెత్తాడు. "బాగుండాదిప్పా ఈ బస్సు. ఎవురు ఎవురిని యాడికి తీస్కపోతాండారో అర్థమే కాలేదే!" అన్నాడు. మిగతావాళ్లు కూడా వచ్చి చుట్టూ నిలబడ్డారు. మొదట వచ్చినతను నా వైపు వంగి, మెత్తగానే అడిగాడు. "భయపడాకు పాపా. నిన్ను ఎవురైనా బలవంతం చేసినారా? చెప్పు, నువ్వెవరు?"

బోయోళ్ల పిల్లను అని ఒక్క ముక్క చెప్తే సరిపోయేదని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు అది తోచలేదు. హిందువునంటే మరి ఈ పేరేంది అంటారు. ఆ పేరు నాది కాదంటే ఉసేనయ్య వింటాడు. నువ్వెవరు అన్న ప్రశ్నకు సోషల్ పుస్తకంలో ఒక జవాబుంది, భారతీయురాలిని అని. పరీక్షలో దానికి మార్కులు పడతాయి. ఆ రోడ్డు పక్కన అది చెల్లుతుందో లేదో నాకు తెలియలేదు. ఫోను నా ముఖం దగ్గరికి వచ్చింది. బట్టలు తడిపేసుకుంటానేమోనని భయం వేసింది.

అప్పుడు స్తుతి నా చెయ్యి పట్టుకుంది. పట్టుకుని, నరసింహస్వామి పద్యం ఎత్తుకుంది.

తెలుగు సార్ నేర్పిన రాగంలోనే, ఎక్కడా తడబడకుండా పాడింది. ఆ కుర్రవాళ్లలో ఒకడు చెప్పులు విడిచాడు. ఫోను పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది. పద్యం అయిపోగానే వాళ్లకు మాట్లాడే సందివ్వకుండా స్తుతి ఇంకొకటి అందుకుంది. అదీ అయ్యాక మొదట వచ్చినతను తల పంకించాడు.

"ఇట్లుండాల పిల్లలంటే. నీ పేరేం తల్లీ?"

"స్తుతి."

"ఎంత సక్కని పేరు పెట్టినారు మీ పెద్దోళ్లు!" అన్నాడు. ఆ పేరు పెట్టింది మా ఊరి పాస్టరుగారు. ఇంకెప్పుడైనా అయితే నేను పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని.

"ఆ పిల్లను జాగ్రత్తగా ఇంటికాడ దింపండి సార్" అని నన్ను చూపించి చెప్పి వాళ్లు జీపులెక్కారు. హెన్రీ సార్ మిగతా పేర్లు పిలవలేదు. బస్సులోకి వచ్చి తలకాయలు లెక్కబెట్టుకున్నాడు. స్తుతి ఊరు వచ్చేదాకా నా చెయ్యి వదలలేదు.

మరుసటి రోజు నుంచి మా క్లాసులో హాజరు నంబర్లతో పిలవడం మొదలైంది. ఆ వారంలోనే సోషల్‌లో మన దేశం, మన మతాలు, మన భాషలు అనే పాఠం రావాలి. హెన్రీ సార్ పుస్తకం తెరిచి, ఆ పేజీల మీద కాసేపు చెయ్యి పెట్టుకుని, నాలుగు పేజీలు తిప్పేసి నదుల పాఠం మొదలుపెట్టాడు.

"సార్, ఒక పాఠం వదిలేసినారు" అంది స్తుతి.

"అది మీకు తెలిసిందేలే. పరీక్షకు రాదు" అన్నాడు సార్, బోర్డు వైపు తిరిగి.

ఆ వీడియో ఎక్కడైనా వచ్చిందేమోనని పిల్లలమంతా పెద్దవాళ్ల ఫోన్లు తీసి చూసేవాళ్లం. రాలేదు. ఇప్పటిదాకా రాలేదు. వచ్చి ఉంటే ఒక్కసారి భయపడి ఊరుకునేవాళ్లమేమో, రాకపోబట్టి రోజూ భయపడ్డాం.

ఒక సాయంత్రం హెన్రీ సార్ మా ఇంటికి వచ్చాడు. వాన ఇంకా పడలేదు. నాయన వాకిట్లో విత్తనపు గొర్రు ముందేసుకుని బిగిస్తున్నాడు. సార్‌కు మంచం వాల్చి అమ్మ నీళ్లిచ్చింది. జరిగింది నేను ఇంట్లో చెప్పలేదు. సార్ చెప్పాడు. మొత్తం చెప్పి, నెమ్మదిగా అసలు మాటకు వచ్చాడు.

"బొజ్జన్నా, పదో తరగతి సర్టిఫికెట్లో ఏ పేరు పడితే జీవితాంతం అదే. పరీక్షకు పేర్లు పంపేది దసరా పోయినాక. ఆ లోపల మార్చుకుంటే మార్చుకోవచ్చు. శివజ్యోతి అనో, ఇంకేదో అనో పెట్టుకోండి."

అమ్మ చెంబు అక్కడే పెట్టేసింది. "పేరు తీస్తే పాణం తీసినట్లే సార్. ఇద్దరిని ఈ చేతులతో మట్టిలో పెట్టినా. ఆయప్ప, ఉసేనయ్య, దయదల్చి ఇచ్చిన పిల్ల ఇది."

"తెలుసమ్మా. ఈ ఊళ్లో ఆ పేరు ఎట్ల వచ్చిందో అందరికీ తెలుసు. రేపు చదువుకని కర్నూలు పోతుంది, కడప పోతుంది. అక్కడ ఎవరు చెప్తారు? మీరు వెంట పోతారా?"

నాయనకు ఆ మాట తగిలింది. అంతకు ముందు ఏడు నన్ను ఆదోని ఆసుపత్రికి తీసుకుపోయినప్పుడు, నా పేరు విన్న ఒక సాయిబుల పెద్దావిడ నా నుదుటి బొట్టు చూసి, ఇదేం పద్ధతి, పిల్లకు ఏం నేర్పినారు అని నాయనను అందరిలో నిలదీసింది. నాయన ఎంత చెప్పినా వినలేదు. ఆ పక్కకు అట్లా, ఈ పక్కకు ఇట్లా. అడకత్తెరలో పోకచెక్క అంటారే, నేను ఆ పోకచెక్కను.

"మరి మీ పేరో సార్?" అన్నాడు నాయన.

"నాది సర్టిఫికెట్లో ఎప్పుడో పడిపోయింది బొజ్జన్నా" అని హెన్రీ సార్ లేచాడు.

ఆయన పోయాక కూడా నాయన గొర్రు బిగిస్తూనే ఉన్నాడు, బిగిసిన మేకునే మళ్లీ మళ్లీ కొడుతున్నాడు. చివరకు అమ్మ అంది.

"మనమేంది తేల్చేది? పేరిచ్చిన ఆయప్పనే అడుగుదాం. పండగ వస్తాండాది కదా. ఉంచమంటే ఉంచుదాం. తీయమంటే తీద్దాం. ఏమంటావు?"

నాయన ఊ అన్నాడు. తలెత్తలేదు. అమ్మ మనసులో ఏ మెలికా లేదు. ఉసేనయ్య పలికేది నాయన నోటితోనే అని ఆమెకు తెలియక కాదు. పూనకంలో ఉన్నప్పుడు ఆయన తన మొగుడు కాడని ఆమె నమ్మకం. నాయన నమ్మకమూ అదే. ఆయనంతగా పీరును నమ్మిన మనిషిని నేను చూడలేదు. పొలంలో పాము అడ్డమొచ్చినా ఉసేనయ్యా అనే మనిషి.

నెలవంక కనబడింది. సావిడి ముందు నిప్పుల గుండం తవ్వారు. సావిడి చూసుకునే ముజావరు మౌలాలి తాత పీర్లను పెట్టె లోంచి తీసి కడిగి, కొత్త పట్టుగుడ్డలు చుట్టి నిలబెట్టాడు. మా ఊరి రెండు సాయిబుల ఇళ్లలో ఒకటి ఆయనది. ఆయనకూ మాలాగే తెలుగే వచ్చు. పీర్ల ముందు చదివింపులు మాత్రం అరబ్బీలో చదివేవాడు. దానికి అర్థమేంటి తాతా అంటే, మా నాయన చదివినాడు, నేను చదువుతాండా, ఆయప్పకు అర్థమైతే చాలదా అనేవాడు. నా మెడలో ఫకీరు దారం పడింది. ఇదే ఆఖరుసారేమో అనుకుంటూ ఐదిళ్ల గడప తొక్కాను. ప్రతి ఇంట్లోనూ బెల్లం పెడుతూ, ఉసేనమ్మా బాగుండావా అని అడిగారు. అంతకుముందు ఆ పలకరింపు నా చెవికి ఎక్కేదే కాదు. ఆ ఏడు మాత్రం ఎవరు పేరు పిలిచినా వెనక్కి తిరిగి చూసుకున్నాను.

ఆఖరు రోజు మధ్యాహ్నం పీర్లు ఊరి బయటి వంక నీళ్లకు బయలుదేరాలి. సావిడి ముందు జనం కిక్కిరిసిపోయారు. తప్పెట్లు మోగుతున్నాయి. ఊదు పొగ కమ్ముకుని ఎదుటి మనిషి కనబడడం లేదు. నాయన పెద్ద పీరు ఎత్తుకుని వచ్చాడు. ఒళ్లంతా ఊగుతోంది, గసపెడుతున్నాడు. జనం ఒక్కొక్కరే అడ్డం పోయి తమ గోడు చెప్పుకుంటున్నారు. వాన ఎప్పుడంటే వారంలో అన్నాడు. కోడలు అలిగిపోయింది అంటే, వస్తాదిపో బచ్చా అన్నాడు. పూనకంలో నాయనకు అందరూ బచ్చాలే.

అమ్మ నా చెయ్యి పట్టుకుని ముందుకు తోసుకుపోయింది. ఆయన కాళ్ల ముందు కూలబడి కొంగు పరిచింది.

"ఉసేనయ్యా, నీ పిల్లను తెచ్చినా. నీ పేరు పెట్టినందుకు దీన్ని బయట పీక్కతింటాండారు. పేరు తీయాలంటే నా గుండె ఒప్పుకోలేదు. నువ్వే చెప్పు సామీ. ఉంచేదా, తీసేదా?"

తప్పెట్లవాళ్లు కొట్టడం ఆపారు. నేను తలెత్తి నాయన ముఖం చూశాను. ఏటా చూసే ముఖమే. పూనకంలో ఉన్నప్పుడు ఊదు పొగ ఎంత కమ్మినా నాయన రెప్ప వెయ్యడు. గాజుకళ్లలాగా తెరుచుకునే ఉంటాయి. ఆ రోజు కళ్లు మండి నీళ్లు కారుతున్నాయి. ఒక చేత్తో పీరును పట్టుకుని, భుజానికి ముఖం రాసి కళ్లు తుడుచుకున్నాడు. తుడుచుకుని, నా వైపు చూశాడు. నన్ను గుర్తుపట్టాడు.

"పేరు నాది" అన్నాడు. గొంతు మాత్రం పీరు గొంతే. "నేనే ఇచ్చినా, నేనే తీసుకుంటాండా. పిల్ల నీది. తీస్కపో."

జనం ఉసేనయ్యా అని ఒక్క అరుపు అరిచారు. అమ్మ నేల మీద పడి ఏడ్చింది. అంత సంతోషంగా ఆమె ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. నాయన పక్కన నెమలీకల కట్ట పట్టుకుని నిలబడ్డ మౌలాలి తాత నన్ను చూశాడు. ఆయన చూపులో నాకు కనబడింది, ఆయనకూ తెలిసిందని. చూపు తిప్పుకుని నెమలీకలతో నా తల మీద ఒకసారి తాకించాడు. తప్పెట్లు మళ్లీ మొదలయ్యాయి.

వంక దగ్గర పీర్లను కడిగి పట్టుగుడ్డలు విప్పాక, నాయన ఇసుకలో కూర్చుండిపోయాడు. నేను నీళ్ల చెంబు ఇవ్వడానికి పోయాను. ఆయన మౌలాలి తాతతో చెప్తున్నాడు.

"వచ్చే ఏటికి పీరును ఇంకెవురికైనా ఇయ్యి మామా. భుజం నొస్తాండాది."

"నొస్తాదిలే బొజ్జా" అన్నాడు తాత.

అమ్మకు ఆ రోజుతో భయం పోయింది. మరుసటి రోజు నుంచే జ్యోతీ అని పిలవడం మొదలుపెట్టింది. ఆమె వదిలేసిన భయం ఎక్కడికీ పోలేదు. నాయనా, నేనూ పంచుకున్నాం. ఒకరికి తెలిసినట్టు ఒకరికి చెప్పుకోకుండా పంచుకున్నాం. దేవుడి పేరు చెప్పి అబద్ధమాడాడు మా నాయన. అదీ, ఆ దేవుడిని చేతుల్లో ఎత్తుకుని. దానికి శిక్ష ఎవరి మీద పడుతుందో మా ఊళ్లో చిన్నపిల్లను అడిగినా చెప్తుంది. ఇచ్చిన దాన్నే తీసుకుంటాడు ఉసేనయ్య.

వారంలో కాదు గానీ, మూడు వారాలకు వాన పడింది. గొర్రు కదిలింది, శనక్కాయ మొలిచి పూతకు వచ్చింది. ఆ పూత రోజుల్లోనే నాకు జ్వరం వచ్చింది.

ఊరంతా జ్వరాలే. ఇంటికొకరు పడుకుని ఉన్నారు. అమ్మ ఇంట్లోనూ, చేలోనూ పనులు చేసుకుంటూ మధ్యమధ్యలో వచ్చి గంజి తాగించి, జొరమే కదా, ఊరందరికీ ఉండాది, గమ్మున పండుకో అని పోయేది. పీరే వదిలిపెట్టిన పిల్లకు ఇంక ఏ ఆపదా రాదని ఆమె ధీమా. నాయన సంగతి వేరు. ఆలూరులో డాక్టరు రక్తం పరీక్ష చేసి, మందులు రాసి, తగ్గుతుందిలే అన్నాడు. నాయనకు ఆ మాట ఎక్కలేదు. కలుపు తీసేవాళ్లను కూడా పట్టించుకోకుండా నా మంచం పక్కన కూర్చునేవాడు. మాటిమాటికీ అరికాళ్లు తాకి చూసేవాడు. పోయిన ఇద్దరికీ మొదట అరికాళ్లే చల్లబడ్డాయట.

"నాయనా, నాకేం కాదు" అన్నాను ఒకసారి.

"అట్ల అనాకు!" అని అరిచాడు. వెంటనే గొంతు తగ్గించి, "అట్ల అనకూడదమ్మా" అన్నాడు.

ఆ పొద్దు ఆయన కళ్లు నేను చూశానని చెప్పేద్దామనుకున్నాను. చెప్తే ఆయన మీద బరువు కొంచెం తగ్గేదేమో. కానీ నోటితో అంటే అది ఖాయమైపోతుందనిపించింది. అప్పటిదాకా అనుమానమే కదా, పొగకు అట్లా కనబడిందేమో కదా అని నాకు నేను చెప్పుకుంటున్నాను. జ్వరం పెరిగినప్పుడల్లా కళ్లు మూసుకుని, ఉసేనయ్యా, ఆయన తప్పేం లేదు, భయపడినాడు అంతే అని మనసులో అనుకునేదాన్ని. ఏ పేరుతో వేడుకోవాలో తెలిసేది కాదు. ఉసేనమ్మను వేడుకుంటాండా అనాలా? జ్యోతిని అనాలా?

ఒక మధ్యాహ్నం నాయన కనబడలేదు. తాళం వేసి ఉన్న సావిడి మెట్ల మీద ఎండలో కూర్చున్నాడని, మౌలాలి తాతను పిలిపించుకున్నాడని అమ్మ వచ్చి చెప్పింది. "ఏం మనిషో! పండగ పోయినాక పీర్లకాడ ఏం పని?" అని నవ్వింది. నాయన వచ్చేసరికి పొద్దు వాలింది. కాళ్లు కడుక్కుని, కంచం నిండా అన్నం పెట్టించుకుని తిన్నాడు. ఎన్నాళ్లకో అట్లా తిన్నాడు. నా జ్వరం అప్పటికే దిగుముఖం పట్టింది. అందుకే తిన్నాడనుకున్నాను.

దసరా పోయింది. శనక్కాయ పీకేశారు. పరీక్షకు పేర్లు పంపే గడువు దగ్గరపడింది. బడిలో పేరు మార్చాలంటే ముందు ఆధార్‌లో మార్చాలన్నారు. నాయనా, నేనూ పొద్దున బస్సుకు ఆలూరు పోయాం. కంప్యూటరు ముందు కూర్చున్నతను పాత పేరు అడిగాడు, కొత్త పేరు అడిగాడు, వేలిముద్ర వేయించాడు. ఇంత చిన్న పనా అనిపించింది. నాయన బయట గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

బస్సుకు ఇంకా టైముందని బస్టాండు పక్క హోటలుకు తీసుకుపోయి నాకు దోశె చెప్పి తను టీ తీసుకున్నాడు. మా బల్లకు అవతల పక్క ఎర్రగడ్డలు అమ్ముకుని వస్తున్న ఒక ముసలాయన కూర్చున్నాడు. మాటలు కలిపాడు.

"ఏ ఊరప్పా మీది?"

నాయన ఊరి పేరు చెప్పాడు.

"శనక్కాయ ఎట్లుండాది మీ దిక్కు?"

"ఏదో, పెట్టుబడి వరకు ఉండాది."

"పేరేం నీది?"

"ఉసేనప్ప" అన్నాడు మా నాయన.

నా చేతిలో దోశె ముక్క అట్లాగే ఉండిపోయింది. నాయన నా వైపు చూడలేదు. ముసలాయనకు అందులో వింతేమీ కనబడలేదు. "మొక్కుకున్న పేరా? మా బామ్మర్దీ ఉసేనప్పే" అని, టీ తాగేసి, మూట భుజాన వేసుకుని పోయాడు.

"నాయనా..." అన్నాను.

"పేరు ఖాళీగా ఉండకూడదమ్మా" అన్నాడు నాయన, గ్లాసులోకి చూస్తూ. "ఆయప్ప తీసుకుంటానన్లేదు. నేనే అంటి. ఆ పొద్దు నువ్వు నా మొగం చూస్తానే ఉంటివి. నీకు జొరమొచ్చినప్పుడు సావిడికాడ పోయి, ఆ పేరు నేను మోస్తా, పిల్లను వదిలెయ్ అని చెప్పుకుంటి. మౌలాలి మామ చదివించినాడు. ఎవురడిగినా ఇంక నేను అదే పేరు చెప్పాల. మీయమ్మకు చెప్పాకు."

నాకు ఏడుపు వచ్చింది. ఏడవడానికి వ్యవధి దొరకలేదు. వెనక బల్ల మీద ఫోన్లు చూసుకుంటున్న కుర్రవాళ్లు ముగ్గురున్నారు. ఉసేనప్ప అన్న మాటకు వాళ్లలో ఒకడు తలెత్తాడు. అది నేను చూశాను, నాయనా చూశాడు. ఆ కుర్రవాడు చెయ్యి కడుక్కోవడానికని లేచి, మా బల్ల దగ్గర ఆగాడు. నాయన నుదుటి మీద విభూతి ఉంది. నా నుదుటి మీద బొట్టు ఉంది.

"పాపా, నీ పేరేంది?"

"శివజ్యోతి" అన్నాను. ఆ పేరు బయటివాళ్లకు చెప్పడం అదే మొదలు.

అతను నన్నూ, నాయననూ మార్చి మార్చి చూశాడు. "ఈయప్ప మీ నాయనా?"

నేను నోరు తెరిచాను. మాట బయటికి వచ్చేలోపలే నాయన అందుకున్నాడు.

"కాదప్పా" అన్నాడు. "మా ఊరి పిల్ల. ఆధార్ పనుంటే తోడొచ్చినా."

"అట్లనా" అని ఆ కుర్రవాడు చెయ్యి కడుక్కుని తన స్నేహితుల దగ్గరికి పోయాడు. మామూలుగానే అడిగాడో ఏమో. మన దిక్కున ఎవరైనా ఎవరినైనా అడుగుతారు. అది నాకు ఇప్పటికీ తెలియదు.

నాయన లేచి, నన్ను పిలవకుండా ముందు నడిచాడు. నేను కొంచెం ఎడంగా వెనక నడిచాను. బస్సులో ఆడవాళ్ల సీట్లలో నాకు చోటు దొరికింది. నాయన వెనక్కి పోయి మగవాళ్లలో కూర్చున్నాడు. ఆ కుర్రవాడు మా బస్సెక్కలేదు. అయినా ఊరు వచ్చేదాకా నాయన నా దగ్గరికి రాలేదు, నేను తల తిప్పి చూడలేదు.